ఆరడుగుల బొమ్మ, అయిదడుగుల ఫ్రేము

ప్రార్థన మందిరం పక్క గది,
సోమవారం

చెల్లాయికి,

నా ఫ్రేముకి కొలత చెప్పడానికి నువ్వెవరివే?

ఓడకి పొడవెంతో వెడల్పెంతో ఎత్తెంతో మూరల్లో చెప్పినవాడు దేవుడొక్కడే. ఆయన చెప్పాడు, ముసలాయన కట్టాడు, లోకమంతా మునిగినా అది తేలింది. ఇప్పుడు నా చెల్లెలు, ప్రింటు షాపు పెట్టి నిండా నాలుగేళ్ళు కాలేదు, బస్సు పార్సిల్లో నాకు చీటీ పంపింది: "నీ బొమ్మ ఈ ఫ్రేములో పట్టదు. ఏం చెయ్యమంటావో రాయి."

పట్టకపోవడం ఏంటి? మన మందిరం కట్టి పదేళ్ళు నిండుతున్నాయి. వేదిక వెనక రెండు కిటికీల మధ్య ఖాళీ జాగా కొలిచి, అయిదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, వడ్రంగి చేత ఫ్రేము చేయించి గోడకి బిగించాను. సంఘమంతా మందిరం ముందు నిలబడి ఎండల్లో తీయించుకున్న బొమ్మ అందులో కూర్చోవాలి. వార్షికోత్సవం రోజు తెర తియ్యాలి. బొమ్మని పెద్దది చెయ్యడమే కదా నీ పని? గాలి ఊదితే బుడగ పెద్దది కావడం లేదా? చెయ్యి.

డాక్టరు మాట నీకు తెలుసు. గొంతులో బుడిపె లేచింది, మూడు నెలల్లోపు నోరు విప్పితే ఇక జన్మంతా విప్పలేవు అన్నాడు. ఊరికే కూర్చుంటేనే నాకు లోపల అగ్గి మండుతుంది, ఆ అగ్గంతా ఇప్పుడు కలంలోంచి రావాలి. వార్షికోత్సవం రోజే మళ్ళీ నా మొదటి ప్రసంగం. అప్పటిదాకా ఫోను చెయ్యకు. ఎత్తి ఏం చెయ్యను, దగ్గనా?

నీ అన్నయ్య


ప్రింటు షాపు, మెషీను పక్క బల్ల,
గురువారం

ప్రసంగి గారైన అన్నయ్యకి,

నువ్వు మాట్లాడకపోయినా నీ ఉత్తరం అరిచింది. పక్క షాపువాళ్ళు తొంగి చూశారు.

పెద్దది చెయ్యలేనని నేనెక్కడ అన్నాను? గోడంత చెయ్యమన్నా చేస్తాను. కానీ ఎంత పెంచినా బొమ్మ ఆకారం ఆకారమే. ఆ కెమెరా తీసే బొమ్మ మూడు పాళ్ళు వెడల్పు, రెండు పాళ్ళు ఎత్తు. నాలుగడుగుల ఎత్తుకి పెంచామనుకో, వెడల్పు దానంతటదే ఆరడుగులు అవుతుంది. నీ ఫ్రేము అయిదు. ఆ మిగిలిన అడుగుని నేనెక్కడ దాచను, కొంగులోనా?

నువ్వెత్తిన ఓడనే చూడు. మూడు వందల మూరల పొడవు, యాభై వెడల్పు, ముప్పై ఎత్తు అని కదా చిన్నప్పుడు నా చేత అప్పజెప్పించావు. తప్పు చెప్పినందుకు చెవి కూడా మెలేశావు. ఆ ముసలాయన పెరట్లో చోటు చాలడం లేదని పొడవొక్కటే తగ్గించి తక్కినవి అలాగే ఉంచితే అది ఓడ అయ్యేదా? పెట్టె అయ్యేది. మునిగేది.

కాబట్టి విను. బొమ్మని ఉన్నదున్నట్టు ఆ అయిదడుగుల్లో పెట్టాలంటే ఎత్తు మూడడుగుల నాలుగంగుళాలే వస్తుంది. పైన నాలుగంగుళాలు, కింద నాలుగంగుళాలు తెల్ల కాగితం వదిలేస్తాను. నాకు నచ్చిన పద్ధతి ఇదే. లేదూ ఫ్రేము నిండాలంటావా, పక్కల నుంచి ఒక అడుగు కోసెయ్యాలి. ఏమీ చెప్పకపోతే మెషీను రెండు వైపులా చెరో అరడుగు కోసేస్తుంది, ఎవరి మొహం పోయిందో దానికి పట్టదు. కొయ్యకుండా, తెలుపు వదలకుండా కావాలంటే ఆరడుగుల వెడల్పుని అయిదులోకి నొక్కాలి. ఎత్తు మారదు కాబట్టి మనుషులు సన్నగా సాగిపోతారు. ఆ పాపం నీదే.

ఏదో ఒకటి చెప్పు. వేణ్ణీళ్ళు తాగుతున్నావా?

నీ చెల్లి


మందిరం పక్క గది,
శనివారం

చెల్లాయికి,

చదివాను. నీ చెవి మెలిపెట్టింది వృథా పోలేదు, సంతోషం.

తెల్ల పట్టీలు వద్దు. పైనా కిందా తెల్లగా వదిలేస్తే బొమ్మలో వాళ్ళంతా పోయినట్టుంటుంది. కోత కూడా వద్దు. కుడి చివర ఎవరున్నారో తెలుసుగా, తాళాల పిన్ని. మందిరం తాళాలు పదేళ్ళుగా ఆవిడ నడుముకే వేళ్ళాడుతున్నాయి. తీసేది ఆవిడే, మూసేది ఆవిడే. ఆవిడ భుజం కోసి వేదిక వెనక పెడితే ఆ గుత్తి తెచ్చి నా మొహాన కొడుతుంది. ఎడమ చివర ఎవరున్నా నాకు అనవసరం.

నొక్కు. ఒంటెని సూది బెజ్జంలో దూర్చమనడం లేదు కదా, ఆరడుగుల్ని అయిదులోకి నొక్కమంటున్నాను. నమూనా ఒకటి చిన్న సైజులో పంపు, చూస్తాం.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. మందిరం తలుపు చెక్క ఉబ్బి బిగుసుకుపోతోంది. పిన్ని భుజంతో తోసి మూయాల్సి వస్తోంది. వడ్రంగి వచ్చి పై మూల కాస్త చెక్కి వెళ్ళాడు. పాటల పుస్తకాల మీద పొద్దున్నే సున్నం పొడి రాలి ఉంటోంది. తుడిచిన మర్నాడు మళ్ళీ రాలుతోంది. పండగ ముందు వెల్ల వేయించాలి.

నీ అన్నయ్య


ప్రింటు షాపు,
బుధవారం

అన్నయ్యా,

నమూనా పంపుతున్నాను. నవ్వొద్దు. నవ్వినా గొంతుకి దెబ్బేనట.

సంఘమంతా నలభై రోజులు ఉపవాసం చేసి లేచినట్టు వచ్చారు. మందిరం మీది గుండ్రటి గడియారం కోడిగుడ్డు అయింది చూడు. ముందు వరసలో కూర్చున్న నీ మొహం పొట్లకాయలా సాగింది. ఇలా గోడకి పెట్టి దాని ముందు నిలబడి ప్రసంగం చెయ్యగలవా? జనం నిన్ను చూస్తారా, నీ వెనక పొట్లకాయని చూస్తారా?

ఒక్క మాట అడగాలి. ఎడమ చివర, మందిరం గోడ పక్కన ఒకాయన ఒంటరిగా నిలబడ్డాడు. తక్కినవాళ్ళంతా కెమెరా వైపు చూసి నవ్వుతున్నారు. ఆయన చూడడం లేదు. ఒక చెయ్యి పైకెత్తి గోడకి ఆనించి, తల పక్కకి తిప్పి గోడనే చూస్తున్నాడు. చేతిలో ఏదో ఉంది. తాళం చెవా? నమూనా చిన్నది కాబట్టి నీకు కనపడదు, నాకు కంప్యూటర్లో లీలగా కనపడుతోంది.

ఎడమ చివర ఎవరున్నా అనవసరం అని రాశావు. నువ్వు అనవసరం అన్నావంటే అక్కడేదో ఉన్నట్టే. ఎవరాయన?

నీ చెల్లి


మందిరం పక్క గది,
ఆదివారం, ఆరాధన అయ్యాక

చెల్లాయికి,

నమూనా ఇక్కడ చేతులు మారింది. తాళాల పిన్ని మాత్రం "ఇన్నాళ్ళకి నేను సన్నబడ్డాను, ఇదే ఉంచండి అయ్యగారూ" అని పట్టుబట్టింది. తక్కినవాళ్ళు చీదరించుకున్నారు. నొక్కుడు వద్దు.

కొయ్యి. అయితే రెండు వైపులా కాదు. కుడి వైపు ఒక్క వెంట్రుక పోకూడదు. ఆ అడుగు మొత్తం ఎడమ నుంచే పోవాలి. ఆ మనిషి నిలబడ్డ చోటు నుంచే.

అడిగావు కాబట్టి చెబుతున్నాను, మళ్ళీ అడగొద్దు. అతను మేస్త్రీ. పదేళ్ళ కిందట ఈ మందిరానికి ఇటుక పేర్చినవాళ్ళలో ఒకడు. ఆ రోజు, బొమ్మ తీయించుకునే ముందు, సంఘం నిండుగా కూర్చుని ఉండగా లేచి నిలబడి, ఎడమ పక్క గోడ బయటికి ఒరుగుతోంది, పునాది కింద మట్టి జారుతోంది, ఇందులో జనాన్ని కూర్చోబెట్టొద్దు అన్నాడు. నా ముందు! ఎవరి మందిరంలో నిలబడి? నేను ఊరుకుంటానా? ఇసక మీద కట్టినవాడి ఇల్లు కూలింది, బండ మీద కట్టినవాడి ఇల్లు నిలిచింది, నువ్వు ఏ బండ గురించి సందేహిస్తున్నావు, నీ విశ్వాసం ఆవగింజలో సగం కూడా లేదు అని గోడలు అదిరేలా అరిచాను. జనమంతా ఆమెన్ అన్నారు. అతను బయటికి వెళ్ళాడు. పోయాడనుకున్నాను. బొమ్మ తీసేటప్పుడు వచ్చి ఆ చివర నిలబడ్డాడన్నమాట. ఆ తర్వాత మళ్ళీ రావద్దని కబురు పంపాను.

ఊరుకున్నాడా? మొన్న ఎవరో తాళాల పిన్నికి ఫోను చేసి "అయ్యగారు మందిరం మూసెయ్యమన్నారు" అని చెప్పారు. పిన్ని నిజమే అనుకుని తాళం వేసింది. సాయంత్రం పాటల జట్టు పిల్లలు వానలో తడుస్తూ బయట నిలబడ్డారు. ఎవరు చేయించారో నాకు తెలియదా? అందుకని పిన్నికి గట్టిగా రాసిచ్చాను: నా చేతి రాత కళ్ళతో చూస్తే తప్ప ఎవరు చెప్పినా, నా తోబుట్టువే చెప్పినా, తాళం వెయ్యొద్దు, ఎవర్నీ బయటికి పంపొద్దు. ఆ కాగితం మడిచి తాళాల గుత్తికే కట్టుకుంది.

తలుపు మళ్ళీ పట్టేస్తోంది. వడ్రంగి రెండోసారి అదే పై మూల చెక్కాడు. వాన చప్పుడుకి పాట వినపడటం లేదని జట్టువాళ్ళు తలుపు మూసుకుని సాధన చేస్తున్నారు. వార్షికోత్సవానికి కొత్త పాట కడుతున్నారు. గోడ పక్క బెంచీల మీద నలభై గొంతులు ఒక్కసారి లేస్తే నా గొంతు పోయిన బాధ కూడా మరిచిపోతున్నాను.

కోసి పంపు.

నీ అన్నయ్య


ప్రింటు షాపు,
మంగళవారం

అన్నయ్యా,

కొయ్యలేదు. కోపగించుకునే ముందు చివరిదాకా చదువు.

నువ్వు చెప్పినట్టే ఎడమ నుంచి అడుగు కొట్టేద్దామని కూర్చున్నాను. కోత గీత సరిగ్గా ఎక్కడ పడుతుందో చూడాలి కదా. బొమ్మని కంప్యూటర్లో ఎంత పెద్దది చెయ్యగలనో అంత చేసి ఆ అంచుకి జరిపాను. గీత సరిగ్గా మందిరం మూల మీద పడింది. కోస్తే మేస్త్రీతో పాటు ఎడమ గోడ మొత్తం పోతుంది.

ఆయన చేతిలో ఉన్నది తాళం చెవి కాదు. దారం. దారం చివర గుండు. మేస్త్రీలు గోడ నిటారుగా ఉందో లేదో చూసే మట్టపు గుండు. కెమెరాకి చూపిద్దామనే పట్టుకున్నాడు. మాట వినలేదు కాబట్టి బొమ్మలోనైనా చూస్తారని పట్టుకున్నాడు. చేతి దగ్గర దారం గోడని తాకుతోంది. కింద గుండు గోడకి తాకడం లేదు. ఆయన వేళ్ళతో పోల్చి చూశాను, రెండు వేళ్ళ సందు ఉంది. గోడ నిటారుగా ఉంటే పైనెలా తాకుతుందో కిందా అలాగే తాకాలి. అంటే పైభాగం బయటికి వంగింది.

నీకు పంపిన నమూనాలో చూద్దామని దాన్నీ తెరిచాను. బొమ్మని పక్కల నుంచి నొక్కాను కదా, వంపు కూడా దాంతో పాటే నొక్కుకుపోయింది. సందు సన్నబడింది. ఆ చిన్న సైజులో ఏమీ లేనట్టే ఉంది. కోస్తే కనపడదు, నొక్కితే కనపడదు. ఇన్నేళ్ళూ మీ సంఘం బొమ్మలు నేనే కదా చిన్న ఫ్రేములకి వేసిచ్చాను. ఆ ఫ్రేములూ ఇదే ఆకారం. ప్రతిసారీ మెషీను రెండంచులూ కోసేసింది. ఆ గోడ ఒక్క ప్రింటులో కూడా లేదు. నేనూ ఎప్పుడూ చూడలేదు.

ఇక ఆ తలుపు సంగతి. వానకి చెక్క ఉబ్బితే అన్ని వైపులా ఉబ్బుతుంది. ఎప్పుడూ ఆ పై మూలే ఎందుకు పట్టుకుంటోంది? రోజంతా నలుచదరాలతోనే బతికేదాన్ని, అందుకే తోచింది. నీ తలుపు ఆకారం మారలేదు అన్నయ్యా. దాని చుట్టూ ఉన్న చట్రం ఆకారం మారుతోంది. ఆ సున్నం పొడి వెల్ల లేక రాలడం లేదు.

ఒక్క పని చెయ్యి. ఎవరూ లేనప్పుడు ఒక దారానికి తాళం చెవి కట్టి ఆ మూల పైనుంచి వదిలి చూడు. నన్ను నమ్మొద్దు, మేస్త్రీని నమ్మొద్దు. దారాన్ని నమ్ము.

ఆరడుగులూ ఉన్నదున్నట్టు ప్రింటు తీసి బల్ల మీద పరిచాను. కోత నా చేత్తో కొయ్యను. కావాలంటే వచ్చి నీ చేత్తో కొయ్యి.

నీ చెల్లి


మందిరం పక్క గది,
గురువారం

చెల్లెలికి,

నువ్వూనా?

పదేళ్ళు నా చేతుల మీద నిలిచిన మందిరం. పునాదిలో మొదటి ఇటుక నేను పెట్టాను. ప్రతి వారం ఆ గోడల మధ్య ప్రార్థించాను. యెరికో గోడలు బూర ఊదితే కూలాయి నిజమే, కానీ అవి శత్రువు గోడలు. దేవుడు తన ఇంటిని తానే పడగొట్టుకుంటాడా? ఒక మనిషి చెయ్యెత్తి దారం పట్టుకుంటే, గాలికి ఊగితే, దాన్ని కంప్యూటర్లో పెంచి చూసి నా సంఘాన్ని వీధిలో నిలబెట్టమంటావా? వార్షికోత్సవం ఎల్లుండి పొద్దున. బయటి ఊళ్ళ నుంచి కూడా విశ్వాసులు వస్తున్నారు. వేదిక మీద నా ఫ్రేము ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది.

దారం సంగతి నాకు రాయకు.

రేపు మొదటి బస్సుకి వస్తున్నాను. ఆ కాగితం బల్ల మీదే ఉండనీ. ఇనప బద్ద, కత్తి సిద్ధంగా పెట్టు. నేనే కోస్తాను.

నీ అన్నయ్య


చెల్లెలి ప్రింటు షాపు,
శుక్రవారం సాయంత్రం

తాళాల పిన్నికి,

పిన్నీ, ఇది నా చేతి రాతే. "మ" చుట్టేటప్పుడు తోక పైకి లాగుతానని వెక్కిరిస్తావే, చూడు, అలాగే లాగాను. నీ గుత్తికి కట్టుకున్న కాగితం విప్పి పక్కన పెట్టుకుని పోల్చుకో.

ఇందాక నీకు ఫోను చేసింది నా చెల్లెలే, మేస్త్రీ మనుషులు కాదు. "అయ్యగారి రాత లేనిదే దేవదూత దిగొచ్చి చెప్పినా నేను తాళం ముట్టుకోను" అని పెట్టేశావట. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నిన్ను తిట్టను. అలా చెప్పమని రాసిచ్చినవాణ్ణి నేనే. పక్కన నిలబడి ఫోనులోకి అరవబోయాను. గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు ఉంటే ఇక్కణ్ణుంచే నీకు వినపడేలా కేకేసేవాణ్ణి.

అందుకే ఈ కాగితం. దీన్ని ఫోటో తీసి నీ ఫోనుకి పంపుతున్నాం. వెడల్పు కాగితం మీద రాస్తే నీ ఫోనులో అంచులు కనపడవని, చెల్లి కాగితాన్ని నీ ఫోను ఆకారానికే నిలువుగా కత్తిరించి ఇచ్చింది. ఒక్క అక్షరం బయటికి పోదు. అయినా పైనుంచి కిందిదాకా వేలితో జరిపి మొత్తం చదువు.

నేనిక్కడికి బొమ్మ కొయ్యడానికి వచ్చాను. ఆరడుగుల కాగితం బల్ల నిండా పరిచి ఉంది. చెల్లి ఇనప బద్దని బొమ్మలో మన మందిరం మూలకి ఆనించి నిలువుగా పెట్టి, కత్తి నా చేతికిచ్చింది. కొయ్యబోయి కిందికి చూశాను. బద్ద తిన్నగా ఉంది. మేస్త్రీ చేతి దారం బద్దతో సమంగా, వెంట్రుక తేడా లేకుండా తిన్నగా ఉంది. గోడ తిన్నగా లేదు. ఆ రెండింటి నుంచీ బయటికి వాలిపోయి ఉంది. గాలి అని చెల్లికి రాశాను. బొమ్మలో గాలి లేదు పిన్నీ. పిల్లల జుట్టు కదల్లేదు, నీ కొంగు కదల్లేదు.

గోడ పక్కన మట్టపు గుండు పట్టుకుని నిలబడ్డవాణ్ణి ప్రవక్త చూశాడని మీకెన్నిసార్లు చెప్పాను? బల్ల గుద్ది చెప్పాను. దేవుడు గుండు వేలాడదీస్తే ఇక క్షమించి దాటిపోవడం ఉండదని చెప్పాను. ఆ మనిషి వచ్చి మన మందిరం ముందు, మన బొమ్మలోనే నిలబడితే, అడుగు కోసి పారెయ్యమన్నాను. అతని మీద అరిచిన అరుపే నా ఆఖరి అరుపు. ఆ వారమే గొంతు పోయింది.

ఇంకో సంగతి నీకొక్కదానికే తెలియాలి. ఈ పొద్దున బస్సు ఎక్కే ముందు, ఎవరూ చూడకుండా, నా గది తాళం చెవి దారానికి కట్టి ఆ మూలన మేస్త్రీలాగే చెయ్యెత్తి వదిలాను. చూసి, వాన జల్లుకి ఊగుతోందిలే అని దారం జేబులో కుక్కుకున్నాను. ఆ దారం ఇప్పుడూ నా జేబులోనే ఉంది. ఎండల్లో తీసిన బొమ్మలో గుండుకీ గోడకీ మధ్య రెండు వేళ్ళ సందు. ఈ పొద్దున నా అరచెయ్యి అడ్డంగా దూరింది.

రెండు వేళ్ళు అరచెయ్యి అయింది పిన్నీ, ఒక్క వానాకాలంలో. పైకప్పు దూలాలు ఆ గోడ మీదే ఉన్నాయి. ఆ గోడ పక్క బెంచీల మీదే పాటల జట్టు కూర్చుంటుంది. రేపటికి ఆఖరి సాధన అని ఈపాటికి నలభై మందీ లోపలికి వచ్చి ఉంటారు. వాన పడుతోందని తలుపు మూసుకుని ఉంటారు. ఆ తలుపు పట్టేస్తే లోపల్నుంచి పిల్లలు లాగలేరు.

తాళం వెయ్యమని చెప్పడం లేదు. తలుపు తియ్యమంటున్నాను. భుజంతో తోసి తలుపు బార్లా తెరువు. మళ్ళీ మూసుకోకుండా బయట ఉన్న బండరాయి అడ్డం పెట్టు. పిల్లల్ని కుడి వైపు నుంచే బయటికి నడిపించు, ఎడమ గోడని ఎవరూ తాకొద్దు. పుస్తకాలు వదిలెయ్యి. వేదిక మీది ఫ్రేము వదిలెయ్యి, అది చేయించినవాడికే అక్కర్లేదు. చెప్పులు కూడా వదిలెయ్యమను. వానలో తడిస్తే తడవనీ. అందర్నీ వీధి అవతలి గట్టు మీదికి చేర్చి పేరు పేరునా పిలిచి చూసుకో. ఒక్కరు తగ్గినా నువ్వు లోపలికి వెళ్ళకు, మేస్త్రీని పిలువు.

మేస్త్రీ ఇల్లు నీకు తెలుసు. నేను రమ్మన్నానని చెప్పు. గోడకి ఆనింపు కర్రలు పెట్టాలో పడగొట్టాలో అతను చెప్పినట్టు చెయ్యండి. నా మాట కోసం చూడొద్దు. రేపటి ఆరాధన గట్టు మీదే, ఆకాశం కింద. ఈ ఆరడుగుల బొమ్మ కొయ్యకుండా చుట్టుకుని వచ్చే బస్సుకి బయల్దేరుతున్నాం. అతన్ని నా పక్కన నిలబెట్టి, దీన్ని ఇద్దరం చెరో చివర పట్టుకుంటాం.

పాట ఏ చరణంలో ఉన్నా ఆపించు. పెద్దవాళ్ళెవరైనా ఇదేం గోల అంటే ఈ రాత చూపించు. చదవనంటే చెయ్యి పట్టి బయటికి లాగు, పాపం నా మీద వేసుకుంటాను.

కళ్ళజోడు తీసెయ్ పిన్నీ. చదివింది చాలు. లే. తలుపు దగ్గరికి పరుగెత్తు. ఇప్పుడే.